ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: కణం, పదార్థం, శక్తి పాఠాలను ఇంటివద్ద చేసి చూపించడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు సైన్సు పాఠం రెండు భాషల మధ్య నలుగుతూ ఉంటుంది. బడిలో ఒడియా మాట విని, ఇంటికి వచ్చి అమ్మనో తాతనో తెలుగులో అడుగుతారు; పెద్దవారు తమకు తెలిసిన తెలుగు మాటతో జవాబు చెబుతారు; ఆ రెండు మాటలూ ఒకే వస్తువుకు చెందినవో కావో తేల్చుకోలేక పిల్లలు చివరకు బట్టీ పట్టడానికి అలవాటు పడతారు. పర్లాకిమిడిలో సాయంత్రం వేళ ఇరుగుపొరుగు పిల్లలకు పాఠం చెబుతూ వచ్చిన అనుభవంతో నేను అనుసరిస్తున్న వరుసను ఇక్కడ వివరిస్తున్నాను. ముందు వస్తువును చేతికి ఇచ్చి, ఇంటి మాటల్లో మాట్లాడించి, ఆ తరువాతే రెండు భాషల పారిభాషిక పదాలను దానికి అతికించడం ఈ వరుసలోని ముఖ్యాంశం. ఇందుకు కావలసినవన్నీ వంటింట్లోనో, కిళ్ళీ బడ్డీలోనో, మందుల దుకాణంలోనో దొరుకుతాయి.

ముందుగా మాటలు సరిచూసుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని నిలువునా మూడు భాగాలు చేయించండి. మొదటి భాగంలో పిల్లలు చూసినది సొంత మాటల్లో, రెండవ భాగంలో తెలుగు పదం, మూడవ భాగంలో బడి పుస్తకంలోని ఒడియా పదం రాయించండి. పదాల భాగాలను ముందే నింపి ఇవ్వకండి. ప్రయోగం అయిన తరువాతే నింపించండి.

పిల్లలకంటే ముందు మీరు తెలుసుకోవలసిన చిక్కులు కొన్ని ఉన్నాయి. తెలుగులో ‘కణం’ అనే మాట రెండు పనులు చేస్తుంది: జీవుల శరీరానికి మూలమైన నిర్మాణాన్నీ కణం అంటాము, పదార్థంలోని అతి చిన్న రేణువునూ కణం అంటాము. అందువల్ల ఉల్లిపాయ కణమూ ఉప్పు కణమూ ఒకే జాతివని పిల్లలు అనుకోవడంలో వింత లేదు. ఒడియా పుస్తకంలో మొదటిదానిని ‘కోష’ అంటారు (పలికేటప్పుడు ‘కోసో’ అని వినిపిస్తుంది), రెండవదానిని ‘కణికా’ అంటారు. ఈ ఒక్క చోట ఒడియా మాటలే స్పష్టంగా ఉన్నాయి కాబట్టి, ఇంట్లో తెలుగులో వివరించేటప్పుడు కూడా ‘జీవకణం’, ‘పదార్థ కణం’ అని విడివిడిగా పలకండి.

ఘన, ద్రవ, వాయు పదార్థాల దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఒడియాలో ఘన పదార్థాన్ని ‘కఠిన’ పదార్థం అంటారు. తెలుగు చెవికి కఠినం అంటే గట్టిది అని తోస్తుంది; దూది, వెన్నముద్ద, గోధుమపిండి గట్టిగా లేవు కాబట్టి అవి కఠిన పదార్థాలు కావని మా దగ్గరికి వచ్చే పిల్లలలో సగం మందైనా మొదట చెబుతారు. ఇక్కడ తెలుగు ‘ఘన’ అనే మాటే మేలు. కేంద్రకాన్ని (జీవకణం పనులను నడిపే లోపలి భాగాన్ని) ఒడియాలో ‘న్యష్టి’ అంటారు, కిరణజన్య సంయోగక్రియను ‘ఆలోకశ్లేషణ’ అంటారు. ఇవి పూర్తిగా వేరైన మాటలు కాబట్టి పిల్లలు తికమక పడరు, రెండూ నేర్చుకుంటారు. అణువు, పరమాణువు, శక్తి, బాష్పీభవనం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. అసలు ఇబ్బంది పెట్టేవి ఒకేలా వినిపిస్తూ వేరే అర్థం ఇచ్చే మాటలే.

జీవకణం: ఉల్లిపొరతో మొదలుపెట్టండి

ఒక ఉల్లిపాయను నాలుగు ముక్కలుగా కోసి, లోపలి రేకు ఒకటి విడదీయండి. దాని లోపలి వంపు వైపున తడి కాగితంలా పల్చని పొర ఒకటి అంటుకుని ఉంటుంది. గోటితో అంచు లేపి మెల్లగా లాగితే ఊడివస్తుంది. దానిలో చిటికెనవేలి గోరంత ముక్క చాలు. గాజుపలక మీద ముందే వేసి ఉంచిన నీటిచుక్కలో దాన్ని ముడతలు లేకుండా పరచండి. పొర ఎండిపోతే ఏమీ కనిపించదు కాబట్టి ఊడదీయడానికీ నీటిలో వేయడానికీ మధ్య ఆలస్యం చేయకండి. పుండ్లకు రాసే పొవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నాలుగింతల నీటిలో కలిపి, దానిలో ఒక చుక్క పొర మీద వేసి మూడు నిమిషాలు ఆగి, మిగిలిన తడిని కాగితంతో అద్దేయండి.

చూడడానికి బడి సూక్ష్మదర్శిని దొరికితే అంతకు మించినది లేదు. దొరకనప్పుడు గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే పదింతల కటకంతో చూసినా ఇటుకల గోడలాంటి వరుస లీలగా కనిపిస్తుంది, ఎందుకంటే ఉల్లిపొరలోని కణాలు పొడవులో మిల్లీమీటరులో మూడవ వంతు దాకా ఉంటాయి. కేంద్రకం కనిపించాలంటే మాత్రం వందింతలైనా పెద్దది చేసే సాధనం కావాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం 2014లో లోకానికి పరిచయం చేసిన ఫోల్డ్‌స్కోప్ అనే మడత కాగితపు సూక్ష్మదర్శిని వస్తువును సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒకటి కొనుక్కుంటే వాడకట్టు పిల్లలందరికీ సరిపోతుంది.

చూస్తున్నప్పుడు మీరు పక్కనే ఉండి సరిదిద్దవలసిన పొరపాట్లు మూడు. నల్లటి దట్టమైన అంచుతో గుండ్రంగా మెరిసేవి కనిపిస్తే పిల్లలు వాటినే కణాలు అని గీసేస్తారు; అవి గాలిబుడగలు. పుస్తకంలోని వృక్షకణం బొమ్మలో ఆకుపచ్చని హరితరేణువులు ఉన్నాయి కాబట్టి ఉల్లిపొరలోనూ వాటి కోసం వెతుకుతారు. నేల అడుగున వెలుతురు తగలకుండా పెరిగే ఉల్లిగడ్డ రేకులో అవి ఉండవని, కావాలంటే చెరువు నాచు ఆకును చూడాలని చెప్పండి. మూడవది పెద్దలు కూడా చేసే పొరపాటు: బత్తాయి తొనలో రసంతో నిండి ఉండే ముత్యాల్లాంటి సంచులను చూపించి ఇవే కణాలు అంటారు. ఒక్కొక్క రసపు సంచిలోనూ ఎన్నో కణాలు ఉంటాయి, కాబట్టి ఆ పోలిక వాడకండి.

ఈ దశలోనే కొంచెం చరిత్ర చెప్పవచ్చు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన పుస్తకంలో బెండు ముక్కను పల్చగా కోసి చూసి, అందులోని చిన్న చిన్న గదులకు ‘సెల్’ అని పేరు పెట్టాడు. అతడు చూసినవి చనిపోయిన కణాల ఖాళీ గోడలు మాత్రమే. లోపలి కేంద్రకానికి పేరు పెట్టడానికి 1831లో రాబర్ట్ బ్రౌన్ దాకా, మొక్కలూ జంతువులూ అన్నీ కణాలతోనే నిర్మితమయ్యాయని చెప్పడానికి 1838, 1839లలో ష్లైడెన్, ష్వాన్‌ల దాకా ఆగవలసి వచ్చింది. నూట డెబ్బై ఏళ్ళకు పైగా పట్టిన విషయం పిల్లలకు ఒక్క సాయంత్రంలో అర్థం కాకపోతే విసుక్కోవద్దు.

మామిడికాయ ఊట దగ్గర ఆగండి

కణం అంటే గోడ కట్టిన పెట్టె అని పిల్లల మనసులో స్థిరపడిపోకముందే, అది నీటిని లోపలికీ బయటికీ పోనిచ్చే సజీవమైన సంచి అని చూపించాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక బంగాళాదుంప, రెండు చెంచాల ఉప్పు.

దుంప చెక్కు తీసి, వేలి మందంలో సరిగ్గా 5 సెంటీమీటర్ల పొడవున్న ముక్కలు నాలుగు కోయండి. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒకదానిలో రెండు టీ చెంచాల ఉప్పు కలపండి. గ్లాసుకు రెండేసి ముక్కలు వేసి మూడు గంటలు వదిలేయండి. తీసి కొలిస్తే మంచినీటిలోని ముక్క బిగుసుకుని, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. కొలబద్ద మీద కాస్త పెరిగినట్లు కూడా కనిపిస్తుంది. ఉప్పునీటిలోని ముక్క కొన్ని మిల్లీమీటర్లు తగ్గి, వేళ్ళ మధ్య మెత్తగా వంగుతుంది. కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పల్చని పొర, నీటిని దాటనిస్తుంది, ఉప్పును మాత్రం అంత సులభంగా దాటనివ్వదు. అందువల్ల బయట ఉప్పు ఎక్కువగా ఉన్నప్పుడు కణంలోని నీరు బయటికి పోతుంది. దీనిని ద్రవాభిసరణం అంటారని అప్పుడు చెప్పండి.

ఈ మాట చెప్పే ముందే మాగాయ సంగతి ఎత్తండి. ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టిన మామిడి ముక్కలు మూడో నాటికి ఊటలో మునిగి ఉంటాయి. జాడీలో ఎవరూ ఒక్క చుక్క నీరైనా పోయలేదు. ఆ ఊట ఎక్కడిది అని అడిగి, జవాబు చెప్పకుండా ఆగండి. ఒక ఎనిమిదో తరగతి పిల్ల నాతో, “మాస్టారూ, అయితే మా నాయనమ్మ ముక్కలను పిండలేదు, కణాలను పిండింది” అన్నది. ఆ వాక్యాన్ని దిద్దకుండా నోటుపుస్తకంలో మొదటి భాగంలో అలాగే రాయించాను.

సూక్ష్మదర్శిని ఉన్నవారు ఇదే విషయాన్ని కంటితో చూడవచ్చు. ఎర్ర ఉల్లిపాయ రేకు బయటి వైపున్న ఊదారంగు పొరను తీసి నీటిచుక్కలో పరిచి, ఒక అంచున ఉప్పునీటి చుక్క వేసి, ఎదుటి అంచున కాగితంతో నీటిని పీల్చండి. రెండు మూడు నిమిషాల్లో రంగుద్రవం గోడను వదిలి లోపలికి ముడుచుకుపోతుంది, గోడ మాత్రం కదలదు. కణకవచం (బయటి గోడ) వేరు, కణత్వచం (లోపలి పొర) వేరు అనే సంగతిని ఎంత బొమ్మ గీసినా ఇంత బాగా చెప్పలేము.

పదార్థం: తూకం, ఎండ, ఆవిరి

ముందుగా కఠినం, ఘనం అనే చిక్కును తీర్చండి. బొంబాయి రవ్వను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయించి, నీటిలాగే జారింది కాబట్టి ఇది ద్రవమా అని అడగండి. ఒక్క రవ్వ గింజను సూదిమొనతో వేరు చేసి, ఏ గిన్నెలో వేసినా అది తన ఆకారం మార్చుకోదని గమనించేలా చేయండి. దూది, స్పాంజి నొక్కితే తగ్గుతాయి కదా అంటే, తగ్గినది వాటి సందుల్లోని గాలి అని సమాధానం. ఇక్కడికి చాలు, పదార్థ స్థితుల నిర్వచనాలను ఎక్కువసేపు సాగదీయవలసిన పని లేదు.

తరువాత తూకం. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కావాలి. 200 గ్రాముల నీరు, 20 గ్రాముల ఉప్పు విడివిడిగా తూచి, కలిపి, ఉప్పు కంటికి కనబడకుండా పోయాక మళ్ళీ తూచమనండి. తూచేముందే జవాబు రాయించడం మరచిపోకండి. ఉప్పు ‘కరిగి మాయమైంది’ అనే పిల్లలు 200 అని రాస్తారు. త్రాసు 220 చూపుతుంది. ఇప్పుడు ఆ నీటిలో 55 గ్రాములు వెడల్పాటి పింగాణీ పళ్ళెంలో పోసి డాబా మీద ఎండలో పెట్టండి. స్టీలు పళ్ళెం వాడకండి, ఉప్పునీరు దానికి మచ్చలు తెస్తుంది. నీరంతా ఇంకిపోయాక పళ్ళెంలో 5 గ్రాముల ఉప్పు మిగలాలి. వానాకాలంలో ఈ ప్రయోగం పెట్టుకుంటే గాలిలోని తేమను ఉప్పు పట్టేసి తూకం తప్పుతుంది. మాఘం నుంచి వైశాఖం దాకా మంచి కాలం.

గంజాం జిల్లాలో చిలికా సరస్సుకు చేరువగా ఉన్న హుమ్మా ఉప్పుమడులను రైలులోంచి చూసిన పిల్లలు ఎవరైనా ఉంటే పాఠం సగం పూర్తయినట్లే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ మడుల్లో ఎవరూ పొయ్యి వెలిగించరు, నీరు మరగదు. అయినా ఎండకూ గాలికీ నీటి కణాలు పైపొర నుంచి ఒక్కొక్కటిగా లేచిపోతాయి, ఉప్పు కణాలు మిగిలిపోతాయి. బాష్పీభవనం ఏ వేడి దగ్గరైనా జరుగుతుందని, మరగడం ఒక నిర్దిష్టమైన వేడి దగ్గర ద్రవం అంతటా జరుగుతుందని ఈ తేడా చూపించిన తరువాతే రెండు పదాలూ రాయించండి. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుందో, చెమట పట్టినవాడికి విసనకర్ర ఎందుకు హాయినిస్తుందో పిల్లలే చెప్పగలుగుతారు.

మరిగించడం పెద్దల చేతి పని. పిల్లలను పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబెట్టండి. గిన్నెలో నీరు వేడెక్కుతుండగా అడుగున మొదట లేచే సన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివి. తెర్లేటప్పుడు వచ్చే పెద్ద బుడగలు నీటి ఆవిరివి. వాటిలో గాలి ఉందని కొందరు, నీరు విడిపోయి వచ్చిన ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్నాయని కొందరు రాస్తారు, రెండూ తప్పే. గిన్నె పైన తెల్లగా కనిపించేది కూడా ఆవిరి కాదు. నీటి ఆవిరి కంటికి కనిపించదు. అది చల్లగాలి తగిలి మళ్ళీ సన్నటి నీటితుంపరగా మారినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. ఆ తెల్లదనానికి ఎదురుగా చల్లటి స్టీలు మూత పట్టుకుంటే చుక్కలు చేరతాయి: అది సాంద్రీకరణం.

బాష్పీభవనమూ సాంద్రీకరణమూ కలిసి ఒక బతుకుతెరువుగా మారిన చోటు మన గంజాం తీరమే. ఛత్రపురం చుట్టుపక్కల మొగలిపూలను నీటితో సహా రాగి పాత్రల్లో వేసి కాచి, వచ్చే ఆవిరిని గొట్టం గుండా చల్లటి నీటిలో ఉంచిన మరో పాత్రలోకి పంపి పరిమళాన్ని పట్టుకుంటారు. పువ్వులోని సుగంధ ద్రవ్యం ఆవిరితో పాటు ఎగిరి, చల్లబడిన చోట నీటితో పాటు దిగుతుంది. వేసవి సెలవుల్లో ఆ వైపు బంధువులు ఉంటే పిల్లలను తీసుకువెళ్ళి చూపించండి. పుస్తకంలోని స్వేదనం బొమ్మలో ఉన్న గాజు గొట్టాలన్నీ వారికి అక్కడ రాగిలోనూ వెదురులోనూ కనిపిస్తాయి.

కొండమీది బంధువులున్నవారికి మరొక పని. సముద్రమట్టంలో ఉన్న గోపాలపురంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌లో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. ప్రయోగశాల ఉష్ణమాపకం ఒకటి సంపాదిస్తే రెండు చోట్లా కొలిచి చూడవచ్చు. జ్వరం చూసే ఉష్ణమాపకాన్ని వేడినీటిలో పెడితే పాడైపోతుంది. కొండమీద మూత లేని గిన్నెలో పప్పు ఎందుకు ఆలస్యంగా ఉడుకుతుందని అక్కడి అత్తనో పిన్నినో అడిగించండి.

శక్తి: మహేంద్రగిరి లెక్క

శక్తి అనే మాట రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి తేలిక అనుకుంటాము. కష్టమంతా అక్కడే ఉంది. ఇంటి మాటలో శక్తి అయిపోతుంది, ఒంట్లో శక్తి లేదంటాము, దేవి కూడా శక్తే. సైన్సు పాఠంలో మాత్రం శక్తి పుట్టదు, చావదు, రూపం మాత్రమే మారుతుంది. ఈ వాక్యాన్ని పిల్లలు వల్లె వేస్తారే కాని నమ్మరు. నమ్మించడానికి లెక్క చేయించడమే మార్గమని నా అభిప్రాయం.

గజపతి జిల్లాలోని మహేంద్రగిరి శిఖరం సముద్రమట్టానికి 1501 మీటర్ల ఎత్తు. లెక్క సులువుగా ఉండడానికి 1500 అనుకోండి. 40 కిలోల బరువున్న పిల్లవాడు సముద్రపు ఒడ్డు నుంచి ఆ శిఖరం దాకా ఎక్కాడనుకుంటే అతని శరీరం పొందిన స్థితిజశక్తి, అంటే ఎత్తుకు చేరడం వల్ల వచ్చిన శక్తి, ఎంత? ఒక కిలో బరువును ఒక మీటరు పైకెత్తడానికి సుమారు 9.8 జౌళ్ళు కావాలి (జౌలు అంటే శక్తిని కొలిచే ప్రమాణం). 40ని 9.8తోనూ 1500తోనూ గుణిస్తే 5,88,000 జౌళ్ళు వస్తుంది. పిల్లలకు ఈ అంకె చూడగానే ఏమీ తోచదు; దాన్ని తెలిసిన వస్తువుల్లోకి మార్చాలి. 9 వాట్ల ఎల్ఇడి బల్బు అంటే సెకనుకు 9 జౌళ్ళు వాడేది. ఈ శక్తితో అది సుమారు 18 గంటలు వెలుగుతుంది. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు కాబట్టి, అంత కొండ ఎక్కినా ఆరవ వంతు యూనిట్ కూడా పూర్తి కాలేదు. ఈ మాట దగ్గర పిల్లలు తప్పకుండా ఇంటి కరెంటు బిల్లు తెచ్చి చూస్తారు, చూడనివ్వండి.

ఇదే శక్తిని ఆహారంలో చూస్తే సుమారు 140 కిలోకేలరీలు, అంటే 40 గ్రాముల బియ్యంలో ఉన్నంత. అయితే గుప్పెడు బియ్యపు అన్నంతో కొండ ఎక్కవచ్చునా? ఎక్కలేము. కండరాలు తాము వాడుకునే శక్తిలో నాలుగవ వంతు వరకే కదలికగా మార్చగలవు, మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి కనీసం 160 గ్రాముల బియ్యం కావాలి. ఎక్కేవాడికి ఒళ్ళు కాలిపోతున్నట్లుండి చెమటలు పట్టడానికి కారణం ఆ మిగిలిన మూడు వంతులే. ‘శక్తి అయిపోయింది’ అని మనం అనేది ఈ స్థితినే: శక్తి ఎక్కడికీ పోలేదు, మనకు మళ్ళీ పనికిరాని వేడిగా చుట్టూ పరచుకుంది. సైకిలుకు గాలి కొట్టించి పంపు అడుగుభాగాన్ని తాకిస్తే చేతి కండరాల శక్తి వేడిగా మారిన సంగతి వెంటనే తెలుస్తుంది.

రూపాంతరాల గొలుసు రాయించడానికి మన ప్రాంతంలో రెండు మంచి ఉదాహరణలు ఉన్నాయి. ఒకటి, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి, 1931లో గుణుపురం దాకా వేసిన చిన్న రైలుమార్గం. దానిపై నడిచిన ఆవిరి బండిని ఎక్కిన తాతలు ఇంకా ఉంటారు, మంటపెట్టెలోని బొగ్గు నుంచి చక్రం దాకా ఒక్కొక్క మెట్టూ వారిచేత చెప్పించండి. రెండవది, ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉమ్మడిగా నడిపే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. 1955 నుంచి అక్కడ విద్యుత్తు పుడుతున్నది. ఎత్తున నిలిచిన నీటి స్థితిజశక్తి, పడుతున్నప్పుడు గతిజశక్తి, తిరిగే చక్రం, తీగలో విద్యుత్తు అని రాశాక, ‘ఆ నీటిని కొండమీదికి ఎత్తింది ఎవరు’ అని ప్రశ్న వేయండి. జవాబు సూర్యుడు. హుమ్మా మడుల్లో నీటిని పైకి లేపిన ఎండే ఇక్కడ కూడా పనిచేసిందని పిల్లలు తమంతట తాము కలుపుకుంటే మీరు మాట్లాడవలసిన అవసరం ఉండదు.

మూడు పాఠాలూ ఒక గుప్పెడు పెసలలో

చివరి ప్రయోగానికి, ఆఖరున ఎండబెట్టే రోజులు కాక, మూడు నాలుగు రోజులు పడుతుంది. 200 గ్రాముల పెసలు తూచి, ఆ అంకె రాసి పెట్టుకోండి. వాటిని ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి చీకటి మూలన మొలకెత్తనివ్వండి. మొలక కనిపించగానే కొన్నిటిని వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కులో ముప్పాతిక దాకా నింపి, ఉష్ణమాపకం గుచ్చి, మూతికి దూది పెట్టండి. బిరడా బిగించకండి, గింజలకు గాలి కావాలి. ఇంకొక ఫ్లాస్కులో ఉడికించి చల్లార్చి, కాస్త క్రిమినాశక ద్రావణంతో కడిగిన వేరే పెసలు (తూచిన 200 గ్రాముల్లోవి కానివి) పెట్టండి. కడగకపోతే సూక్ష్మజీవులు చేరి అవి కూడా వేడి పుట్టిస్తాయి. రెండు రోజులు పొద్దునా సాయంత్రమూ రెండు అంకెలూ రాయిస్తే, మొలకల ఫ్లాస్కు వేడెక్కుతున్నట్లు తెలుస్తుంది. పొయ్యి లేదు, ఎండ లేదు. గింజలోని జీవకణాల్లో, ముఖ్యంగా వాటిలో శక్తిని విడుదల చేసే మైటోకాండ్రియా అనే భాగాలలో, పిండిపదార్థపు రసాయనశక్తి విడుదలై కొంత పెరుగుదలకు, కొంత వేడికి ఖర్చవుతున్నది.

మిగిలిన మొలకల్లో కొన్నిటిని మూత గట్టిగా పట్టే సీసాలో వేసి, వాటి మధ్య చిన్న గిన్నెలో సున్నపుతేట ఉంచి, రాత్రంతా మూసిపెట్టండి. సున్నపుతేటకు కిళ్ళీ బడ్డీలో దొరికే తడిసున్నం చెంచాడు తీసుకుని గ్లాసు నీటిలో కలిపి, అడుగుకు పేరుకున్నాక పైన తేరిన నీటిని వంచుకోవాలి; సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఈ పని మీరే చేయండి. నేను మొదటిసారి గోడలకు వేయగా మిగిలి, ఎన్నాళ్ళనుంచో ఎండిపోయి ఉన్న సున్నం వాడి, రెండు రాత్రులు ఎదురుచూసి భంగపడ్డాను. గాలి తగిలి ఎండిన సున్నం అప్పటికే కార్బన్ డయాక్సైడును పీల్చుకుని సుద్దగా మారి ఉంటుంది, అది నీటిలో కరగదు. తాజా సున్నమైతే తెల్లవారేసరికి తేటనీరు పాలవిరుగుడులా మసకబారుతుంది.

ఇక ఫ్లాస్కులోని మొలకలనూ సీసాలోని మొలకలనూ, మూటలో మిగిలినవాటినీ ఒక్క గింజ పోకుండా కలిపి, గలగలమనేదాకా చాలా రోజులు ఎండబెట్టి తూచండి. ఉడికించిన ఫ్లాస్కుకు వాడినవి వేరే పెసలై ఉండాలి, లేకపోతే లెక్క కుదరదు. నానినప్పుడు బరువు పెరిగిన ఆ పెసలు పూర్తిగా ఎండాక మొదటి 200 గ్రాములకంటే తక్కువ తూగుతాయి. తగ్గిన ఆ కొన్ని గ్రాములు ఏమయ్యాయని అడిగి, మసకబారిన సున్నపుతేట గిన్నెను త్రాసు పక్కన పెట్టండి. పిల్లలు చెప్పిన మాటను నోటుపుస్తకంలో మొదటి భాగంలో వారి చేతనే రాయించి, దాని ఎదురుగా తెలుగులోనూ ఒడియాలోనూ ‘శ్వాసక్రియ’కు వారి పుస్తకాల్లో ఏ మాట ఉన్నదో వెతికి నింపమనండి.